లేడీ గెటప్ చీర గారికి బహిరంగ లేఖ

చీర గారికి నమస్కారాలు.

మీరు క్షేమమేనని తలుస్తాను. పండక్కి సినిమాలు రిలీజవుతున్నంత కాలం మీకేం ఢోకా? సెకండాఫ్‌లో కథ కదలక డైరెక్టర్ గారు తల పట్టుకున్నప్పుడల్లా కాస్ట్యూమ్స్ పెట్టెలోంచి మిమ్మల్నే తీస్తారు. హీరో విలన్ ఇంట్లో దూరాలి, అందుకు మిమ్మల్ని చుట్టుకోవాలి. జిగేల్‌మనే సింథటిక్ గుడ్డ, గుప్పెడు సేఫ్టీ పిన్నులు, జాకెట్లో రెండు బత్తాయిలు, మీసం తియ్యడానికి హీరో ఒప్పుకోకపోతే మూతికి అడ్డంగా పైట కొంగు. ఆ ఇంట్లో ఓ ముసలి బాబాయి హీరో నడుము చూసి చొంగ కార్చాలి, ఒక బత్తాయి జారి ఆయన కాళ్ళ దగ్గరికి దొర్లాలి, వెనకాల ట్రంపెట్ "వ్వా వ్వా" అనాలి. ఆఖర్న హీరో మిమ్మల్ని ఒక్క గుంజు గుంజి గాల్లోకి విసిరేసి తొడ కొట్టాక గానీ అభిమానుల ప్రాణం కుదుటపడదు, హమ్మయ్య, మావాడు మగాడే అని.

అడిగితే మాది పెద్ద వంశం అంటారు. నిజమే, నాటకాల్లో ఆడవేషాలేసిన స్థానం నరసింహారావు గారు సత్యభామై "మీరజాలగలడా" పాడారు, 1956లో పద్మశ్రీ కూడా అందుకున్నారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామాకలాపం సరేసరి. కానీ వాళ్ళు కట్టిన చీరలో జనానికి సత్యభామ కనపడింది. మీలో కనపడేవి బత్తాయిలు. ఆ వంశం పేరు చెప్పుకోడానికి కాస్త మొహమాటపడండి.

నాకు అసలు మింగుడుపడనిది వేరే ఉంది. మీరుండే హైదరాబాద్‌లోనే నిజాం కాలం నాటి చట్టం ఒకటుండేది, 1329 ఫస్లీ, అంటే 1919 నాటిది. ఆడవాళ్ళ బట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనపడ్డ హిజ్రాని వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చు, రెండేళ్ళ దాకా లోపలెయ్యొచ్చు. వీధిలో ఆడినా పాడినా అంతే. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది ఎప్పుడో కాదు, మొన్న 2023 జులైలో. అంటే అన్నేళ్ళూ మీరు స్టూడియో గేటు లోపల హీరో ఒంటి మీద ఉంటే కామెడీ, గేటు దాటి కృష్ణానగర్ రోడ్డు మీద ఒక ట్రాన్స్ మహిళ ఒంటి మీద ఉంటే కేసు! లోపల మీరు స్టెప్పులేస్తే విజిల్స్, బయట వేస్తే పోలీసు విజిల్.

ట్రాన్స్ మహిళకి కథంటూ ఇచ్చాం కదా అని 2011 నాటి 'కాంచన'ని చూపిస్తారేమో. అందులో ట్రాన్స్ మహిళ పాత్ర శరత్‌కుమార్ బాగానే చేశారు, కాదనను. కానీ ఆవిడ కథ మనకి తెలియాలంటే ముందు చచ్చి దెయ్యమవ్వాలి, ఆ పైన హీరోకి పట్టాలి, మళ్ళీ మీరు హీరో ఒంటికెక్కాలి. బతికుండి, అద్దెకి ఇల్లు వెతుక్కుంటూ ఓనర్‌తో అడ్వాన్సు దగ్గర గొడవపడే ఆవిడ కథకి ప్రొడ్యూసర్ దొరకడేమో.

మీ తమ్ముడు గులాబీ రంగు టీషర్టుని కూడా అడిగానని చెప్పండి. ఆయన జిమ్ములోనో విమానంలో పక్క సీట్లోనో కనపడతాడు, మణికట్టు విరిగినట్టు వేలాడుతుంటుంది, "హాయ్ హ్యాండ్సమ్" అంటాడు, హీరో పరుగు లంకించుకుంటాడు, ఆయన పని అయిపోయింది. పేరుండదు, ఉద్యోగం ఉండదు, ఇంటి దగ్గర అమ్మ ఉండదు, కనీసం ఈఎంఐ అయినా ఉండదు. వయసొచ్చిన ఇద్దరు మగాళ్ళయినా, ఇద్దరు ఆడవాళ్ళయినా ఇష్టపడి కలిసుంటే నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న చెప్పింది, ఆయన మణికట్టుకి ఇంకా కబురందినట్టు లేదు. (మాకు రాయడం రాదండీ అని రచయితలు అనడానికి కూడా లేదు. ఆ తీర్పుకి ముందే, అదే ఏడాది ఫిబ్రవరిలో 'అ!' సినిమాలో ఒకమ్మాయి తను ప్రేమించిన అమ్మాయిని తీసుకొచ్చి అమ్మానాన్నలకి పరిచయం చేస్తుంది. అక్కడా నవ్వొస్తుంది, కాకపోతే ఆ అమ్మాయిల్ని చూసి కాదు.)

సిగ్నల్ దగ్గర చప్పట్లు కొట్టి కారు అద్దం బాదే సీను ఇంకో రెండు సినిమాల్లో పెట్టుకునేట్టయితే త్వరపడమనండి. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ట్రాన్స్‌జెండర్లని అసిస్టెంట్లుగా తీసుకున్నారు. మీ హీరో రాంగ్ రూట్లో వస్తే అద్దం దించమనేది ఆవిడే, కామెడీ కోసం మాత్రం కాదు.

చివరిగా ఒక చిన్న మనవి. ఈసారి మిమ్మల్ని పెట్టెలోంచి తీసినప్పుడు, కుచ్చిళ్ళు పెట్టుకోవడం వచ్చిన ఒక ట్రాన్స్ నటిని పిలవమనండి. సేఫ్టీ పిన్నులు సగం మిగుల్తాయి, బత్తాయిల ఖర్చు అసలే ఉండదు. హీరోకిచ్చినంత ఇవ్వక్కర్లేదు గానీ రోజు బత్తా చేతిలో పెట్టి పంపెయ్యకుండా, నాలుగు డైలాగులున్న పాత్రకి అందరికీ ఎంతిస్తారో ఆవిడకీ అంతే ఇప్పించండి. టైటిల్స్‌లో పేరు కూడా వెయ్యమనండి.

ఇట్లు,
టికెట్టు డబ్బులు పెట్టి కొనుక్కున్న ఓ ప్రేక్షకుడు