ఓడ ఎక్కనన్న వాళ్లు రెండు రకాలు

విశాఖ పాతబస్తీ గురించి ఎవరు రాసినా సోల్జర్‌పేట, పాత చర్చి, భీమిలిలో డచ్చి సమాధులు. ఫోటోలు బాగుంటాయి, కాదనను. 1780 అక్టోబరు 3న ఈ ఊళ్లో జరిగింది మాత్రం ఎవరికీ గుర్తు రాదు. హైదర్ అలీతో యుద్ధం కోసం మద్రాసు వెళ్లే ఓడ ఎక్కమంటే ఇక్కడి సిపాయిలు ఎక్కబోమన్నారు. తుపాకులు తిప్పారు, ముగ్గురు తెల్లవాళ్లు చనిపోయారు. తిరుగుబాటుకు నాయకుడైన సుబేదారును తర్వాత పట్టుకుని ఫిరంగి మూతికి కట్టి పేల్చేశారు.

ఇప్పుడు తీరం వెంట కిందికి, మచిలీపట్నం రండి. సంవత్సరం 1809. అక్కడి మద్రాసు యూరోపియన్ రెజిమెంటులో కొంతమందిని నౌకాదళం ఓడల మీదికి పంపాలని మద్రాసు నుంచి ఆజ్ఞ వచ్చింది. తమ రెజిమెంటును ముక్కలు చేయడానికే ఈ పన్నాగమని తెల్ల అధికారులు మండిపడ్డారు. జూన్ 25న తమ కమాండరు ఇన్నెస్‌నే నిర్బంధించి, పెత్తనం మేజర్ స్టోరీ చేతికి ఇచ్చారు. ఇదీ ఓడ ఎక్కబోమన్న తిరుగుబాటే. ఎవరినైనా ఫిరంగికి కట్టారా? కోర్టు మార్షల్‌లో స్టోరీకి కొలువు పోయింది. తర్వాత కొన్నేళ్లకు, అప్పుడు వేటు పడ్డ అధికారుల్లో చాలామందిని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లే తిరిగి తీసుకున్నారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతి అయినా ఒకటే.

ఈ తెల్ల అధికారుల అసలు గొడవ ఓడలది కాదు, డబ్బుది. సిపాయి పటాలాల కమాండర్లకు గుడారాల నిర్వహణ పేరిట కంపెనీ నెలనెలా ఒక మొత్తం ఇచ్చేది. యుద్ధమున్నా లేకున్నా అంతే. గుడారాలకు ఎంత తక్కువ ఖర్చయితే కమాండరుకు అంత మిగులు. సైన్యం సరంజామా చూసే క్వార్టర్‌మాస్టర్ జనరల్ జాన్ మన్రో ఇది విధికీ స్వలాభానికీ మధ్య పోటీ పెడుతోందని నివేదిక రాశాడు. 1808లో మద్రాసు గవర్నర్ జార్జ్ బార్లో ఈ కాంట్రాక్టు రద్దు చేశాడు. అంతే, తమను దొంగలన్నారని అధికారులకు పౌరుషం పొడుచుకొచ్చింది. సేనాధిపతి హే మెక్‌డోవల్‌కు గవర్నర్ సభలో చోటు దక్కలేదన్న కడుపుమంట ఎలాగూ ఉంది. మన్రోను నిర్బంధించాడు, గవర్నర్ విడిపిస్తే బహిరంగ ఆజ్ఞాపత్రంలో మందలించి ఓడెక్కాడు. ఇంగ్లండు చేరలేదు, ఆ ఓడ సముద్రంలో మునిగిపోయింది.

బార్లో మహానుభావుడని నేను అనను. మొండిమనిషి. మెక్‌డోవల్ ఆజ్ఞపై సంతకం చేసినందుకు మేజర్ బోల్స్‌ను సస్పెండు చేయడం ఏం న్యాయం? పైవాడు చెప్తే కిందివాడు సంతకం చేయక ఏం చేస్తాడు? మచిలీపట్నంలో విందులో ‘సైన్యం మిత్రులకు’ అంటూ గ్లాసులెత్తిన పాపానికి ఒక లెఫ్టినెంటును కొండపల్లికి తోలారు. ఎంత చిల్లర పగలు! అయినా లెక్కల దగ్గర బార్లోదే న్యాయమని నా అభిప్రాయం. ప్రజల సొమ్ముతో నడిచే సైన్యం లెక్క అడిగినందుకు గవర్నర్ మీద కత్తి దూయకూడదు. (అది మన ప్రజల సొమ్మే అన్నది వేరే కోపం.)

నన్ను ఎక్కువ మండించేది మరొకటి. ఈ అధికారుల తిరుగుబాటు మీద బార్లో గెలిచింది సిపాయిల వల్ల. 1809 జులై చివర అధికారుల ముందు విధేయతా పత్రం పెట్టి, సంతకం చేయనివారిని పటాలాలకు దూరం చేశాడు. సుబేదార్లతో, జమేదార్లతో ప్రభుత్వం నేరుగా మాట్లాడింది. సిపాయిలు చేతులు కలపకపోతే దొరల పౌరుషం ఎన్నాళ్లు నిలుస్తుంది? కానీ శ్రీరంగపట్నం దగ్గర, తిరుగుబాటు అధికారుల మాట విని చిత్రదుర్గం నుంచి నడిచివచ్చిన సిపాయిల మీద ఆగస్టులో ప్రభుత్వ సేన విరుచుకుపడింది. చచ్చిందీ, గాయపడిందీ ఎక్కువగా వాళ్లే. గుడారాల మిగులులో వాళ్లకు పైసా వాటా లేదు.

అంతకు మూడేళ్ల ముందే, 1806 జులైలో, వేలూరులో తలపాగా మార్పు, నుదుటి బొట్టు నిషేధం మీద లేచిన సిపాయిలను గోడకు నిలబెట్టి కాల్చారు, ఫిరంగులతో పేల్చారు. ఇంగ్లీషు పుస్తకాల్లో అది ఘోరమైన తిరుగుబాటు. 1809 మాత్రం అధికారుల ‘అసంతృప్తి’. బార్లోను కూడా 1812లో వెనక్కి రమ్మన్నారు, గవర్నర్ జనరల్ పదవి ఆశ అడుగంటింది.

పాతబస్తీలో వారసత్వ నడకలు జరిపే మిత్రులకు ఒక్కటే అడుగుతున్నాను. చర్చి ముందు ఆగినప్పుడు ఆ 1780 సుబేదారు సంగతి కూడా చెప్పండి. ఎవరైనా నొచ్చుకుంటే మచిలీపట్నం కథ కూడా కలిపి చెప్పండి.