పూల్‌లో నీళ్లు తగ్గితే టైల్స్ పగలగొట్టాలా?

ఎండాకాలం వచ్చిందంటే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ మొదలవుతుంది: "స్విమ్మింగ్ పూల్‌లో వారానికి రెండు అంగుళాల నీళ్లు తగ్గాయంటే అది కచ్చితంగా లీకే. ఎండకి ఆవిరవుతున్నాయంటే నమ్మకండి. వెంటనే నీళ్లన్నీ తోడించి, టైల్స్ తీయించి వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. ఆలస్యం చేస్తే పునాదులు కుంగిపోతాయి." ఇది చదివి మా కమిటీ టెన్షన్ పడి కొటేషన్ కూడా తెప్పించింది. అదే తప్పు ఇంకొకరు చేయకూడదని రాస్తున్నాను.

రెండు అంగుళాలంటే సుమారు 50 మిల్లీమీటర్లు, అంటే రోజుకు 7. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల ఎండకీ వడగాలికీ పైకప్పు లేని పూల్‌లోంచి అంత ఆవిరి కావడం మామూలే. 12 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పున్న మా పూల్‌లో అది రోజుకు 500 లీటర్లు. వినగానే గుండె గుభేలుమంటుంది. కానీ ఆ అంకె ఒక్కటీ చూసి లీకు ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం.

తేల్చడానికి ఒక బకెట్ చాలు. పూల్ మెట్టు మీద బకెట్ పెట్టి, కదలకుండా అడుగున రాయి వేసి, బయటి మట్టానికి సమానంగా పూల్ నీళ్లే పోశాం. లోపల ఒక గీత, బయట ఒక గీత. 24 గంటలు ఎవరినీ దిగనివ్వలేదు, నీళ్లు నింపలేదు. రెండింటికీ ఎండా గాలీ ఒకటే కాబట్టి పూల్ ఎంత ఎక్కువ తగ్గితే అంత లీకు. పంపు రోజూలాగే నడిపిన రోజు బకెట్‌లో 7 మిల్లీమీటర్లు, పూల్‌లో 15 తగ్గాయి. లీకు ఉంది, నిజమే. మర్నాడు పంపు పూర్తిగా ఆపి చూస్తే రెండూ సమానంగా తగ్గాయి.

గోడలోనో నేలలోనో పగులుంటే పంపు ఆపినా నీళ్లు పోవాలి కదా! అంటే లీకు పంపు నీళ్లు తిప్పే దారిలోనే ఉండాలి. పంప్ రూమ్ వెనక చాంబర్ మూత ఎత్తించి, పంపు ఆన్ చేయించాం. ఫిల్టర్ కడిగిన మురికి నీళ్లను బయటికి పంపే బ్యాక్‌వాష్ పైపు చివర పెన్సిల్ మందాన ధార పడుతోంది. శాండ్ ఫిల్టర్ మీద, నీళ్లు పూల్‌కి వెళ్లాలో ఆ పైపులోకి వెళ్లాలో మార్చే మల్టీపోర్ట్ వాల్వ్‌లో గాస్కెట్ అరిగిపోయింది. దాన్ని మార్చాక పంపు నడుస్తున్నా బకెట్, పూల్ కలిసే తగ్గాయి. ఒక్క టైల్ కూడా తీయలేదు.

మాది స్కిమ్మర్ (పై నీళ్లను పంపుకి లాగే, గోడలోని నోరు) ఉన్న పూల్. నీళ్లు అంచు మీదుగా పొర్లే ఓవర్‌ఫ్లో పూల్ అయితే పంపు ఆపి, మట్టం అంచు కిందికి దిగాకే బకెట్ పెట్టాలి. పొర్లిన నీళ్లు చేరే బ్యాలెన్సింగ్ ట్యాంకులోకి కొత్త నీళ్లొచ్చే ఫ్లోట్ వాల్వ్ కూడా కట్టేయాలి. లేకపోతే పోయిన నీళ్లు ఎప్పటికప్పుడు నిండిపోయి లీకు బయటపడదు.

పంపు ఆపినా పూల్ ఎక్కువ తగ్గుతోందా? అప్పుడు కూడా ముందు చూడాల్సింది లైటు చుట్టూ, స్కిమ్మర్ కాంక్రీటును కలిసే చోట, నీళ్లు పూల్‌లోకి తిరిగొచ్చే ఇన్‌లెట్ నాజిళ్ల దగ్గర. నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు సిరంజితో కాస్త రంగు ఆ అంచున వదలండి. లీకుంటే రంగు పొగలా చెదిరిపోదు, సన్నని దారంలా సందులోకి వెళ్లిపోతుంది. టైల్స్ మధ్య సిమెంటు ఊడినంత మాత్రాన నీళ్లు పోతున్నట్టు కాదు. నీళ్లను ఆపేది టైల్ కాదు, దాని వెనకున్న వాటర్‌ప్రూఫింగ్, కాంక్రీటు.

నీళ్లన్నీ తోడేయమనే సలహా అన్నిటికన్నా ప్రమాదం. భూగర్భ జలం పైకొచ్చే వానాకాలంలో ఖాళీ పూల్‌ను కింది నీటి ఒత్తిడి పైకి నెడుతుంది. లేని పగుళ్లు అప్పుడొస్తాయి. పైగా నీళ్లు లేకపోతే రంగు పరీక్షకే వీలుండదు.

పునాదుల మాటలో కొంత నిజముంది. భూమిలోని పైపు నెలల తరబడి కారితే మట్టి కొట్టుకుపోతుంది, దాన్ని వదిలేయకూడదు. కానీ రెండు రోజులు బకెట్ పెట్టి చూసినందుకు ఏ పునాదీ కుంగదు. మా పూల్ నీళ్లయితే చాంబర్‌లోంచి నేరుగా డ్రైనేజీకే పోయాయి.