పట్టాదారు మనం, అనుభవదారు సర్కారు

తెలంగాణలో ఊరి భూముల లెక్కలు రాసే పాత పహాణీలు చూసినవారికి గుర్తుండే ఉంటుంది. అందులో పట్టాదారు గడి ఒకటి, అనుభవదారు గడి వేరొకటి ఉండేవి. చాలా ఊళ్లలో మొదటి గడిలోని పెద్దమనిషికి కాగితం మిగిలేది, రెండో గడిలోని వాడు పంట కోసుకునేవాడు. మన వ్యక్తిగత గోప్యత విషయంలో ఇప్పటికీ అదే పహాణీ నడుస్తోందని, ఇందులో ఎవరూ కంగారు పడవలసింది లేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

పట్టా గురించి తగాదా లేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత పౌరుడి ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చి, దాన్ని మన పేరున రాసి ఇచ్చింది. అటువంటి హక్కు రాజ్యాంగంలో లేదని 2015లో అదే కోర్టులో వాదించిన కేంద్ర ప్రభుత్వం తీర్పు వచ్చాక దాన్ని మనస్ఫూర్తిగా స్వాగతించింది. సంబంధం చెడగొట్టబోయి కుదరక, తీరా పెళ్లినాడు విస్తళ్ల దగ్గర పెత్తనం చేసే బంధువులు మనకు కొత్తేమీ కాదు.

ఇక అనుభవం సంగతి. 2018 మార్చిలో ఆధార్ కేసు విచారణలో అటార్నీ జనరల్ మన వివరాలన్నీ పదమూడడుగుల ఎత్తు, అయిదడుగుల మందం ఉన్న గోడల వెనుక భద్రంగా ఉన్నాయని కోర్టుకు విన్నవించారు. కంప్యూటరు దొంగ అర్ధరాత్రి నిచ్చెన భుజాన వేసుకుని వస్తాడన్న ఆ నమ్మకంలోని అమాయకత్వానికి నా కళ్లు చెమర్చాయి. అదే ఏడాది డిసెంబరు 20న హోం శాఖ, దేశంలో ఏ కంప్యూటరులోని సమాచారాన్నయినా అడ్డగించి చదివే అధికారాన్ని పది సంస్థలకు అప్పగిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. గోడ వాళ్లకు, గుమ్మాలు మనకు.

2021 అక్టోబరు నెలను ప్రత్యేకంగా స్మరించుకోవాలి. ఆ నెలలో హైదరాబాదు వీధుల్లో పోలీసులు దారినపోయే వాళ్లను ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో గంజాయి అన్న మాట ఎక్కడైనా ఉందేమోనని వెతికారు. దానికి ముందు నెలలో ఢిల్లీలో పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేరును వాడారో లేదో చెప్పండని సుప్రీంకోర్టు అడిగితే, దేశభద్రత రీత్యా ఆ వివరాలు బయటపెట్టలేమని కేంద్రం సెలవిచ్చింది. ఆ అక్టోబరులోనే కోర్టు ఒక సాంకేతిక సంఘాన్ని వేసింది. ఆ సంఘం పరిశీలించిన 29 ఫోన్లలో అయిదింటిలో ఏదో దొంగ సాఫ్ట్‌వేరు కనిపించిందని, అది పెగాససేనని నిర్ధారణ కాలేదని, ప్రభుత్వం తమకు సహకరించలేదని ఆ సంఘమే చెప్పిందని మరుసటి ఏడాది ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ వెల్లడించారు. నడివీధిలో ఫోను తెరిచి చూపించిన ధూల్‌పేట కుర్రవాడికి ఈ దేశభద్రత అన్న మంత్రం ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

అనుభవదారు పంట కోసుకున్నాక కొయ్యకాళ్లు తగలబెట్టడం కూడా సేద్యంలో భాగమే. రాష్ట్ర ఎన్నికల ఫలితాలు వెలువడిన మరునాడు, 2023 డిసెంబరు 4న, నిఘా విభాగంలో హార్డ్ డిస్కులను ధ్వంసం చేశారన్న ఆరోపణతోనే కదా తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసు మొదలైంది. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. ఎవరి మాటలను ఎవరు విన్నా, విన్నవాళ్ల గోప్యతను కాపాడాలన్న శ్రద్ధ మాత్రం ఆ ఆరోపణలో కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

గోప్యతకు ఈ దేశంలో చట్టం లేదన్న నింద కూడా తొలగిపోయింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. కిరాణా కొట్టువాడు మన ఫోను నంబరు తీసుకోవాలంటే సమ్మతి అడగాలి, కేంద్రం మాత్రం తనకు నచ్చిన ప్రభుత్వ సంస్థను ఆ చట్టం నుంచి మినహాయించుకోవచ్చు. అదే చట్టం సమాచార హక్కు చట్టంలోని ఒక నిబంధనను కూడా సవరించింది. వ్యక్తిగత సమాచారమే అయినా విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చునని ఆ నిబంధనలో ఉన్న వెసులుబాటును తీసేసింది. గోప్యత చచ్చిపోయిందని విలపించేవారికి అది చావలేదని, ఆఫీసులో బల్లకు అటువైపుకు మారిందని ఎవరైనా చెప్పాలి.

మా వీధి మొగలో కూడా ఒక కెమెరా ఉంది. ఇంటికి ఇంత అని చందాలు వేసుకుని మేమే పెట్టించాం. హెల్మెట్ లేకుండా మా ఆవిడ నా స్కూటరు వెనక కూర్చుని కూరగాయలకు వెళ్లిన రోజున మరో కూడలిలోని కెమెరా పంపిన చలానా ఫొటోలో ఆమె చేతిసంచిలోని సొరకాయ ముచ్చిక సహితంగా కనిపించింది. అంత చూపున్న రాజ్యంలో ఇంకేం భయమనుకున్నాను. నెల తిరగకుండా మా అబ్బాయి సైకిలు పోయింది. మా గేటు ముందు ఆ రాత్రి ఏం జరిగిందో చూడాలని పోలీసు స్టేషనుకు వెళ్లి అడిగితే, వీధిలో తిరిగే ఇతరుల గోప్యతకు భంగం కలుగుతుంది కనుక వీడియో చూపించడం కుదరదన్నారు. అడిగినందుకు నా ఆధార్ జిరాక్సు మాత్రం తీసుకుని ఫైలులో పెట్టుకున్నారు.