సీఎస్‌ఈ విభాగాల ఘనత: పిల్లల జాబితా వేరు, మాస్టార్ల జాబితా వేరు

గోదావరి డెల్టాలో పండేది వరి, కొబ్బరి. ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) పిల్లలు ఏటా ఇష్టంగా ఎంచుకునే ప్రాజెక్టుల్లో ఒకటి, ఆకును ఫొటో తీస్తే తెగులు పేరు చెప్పే యాప్. వైవాలకు, అంటే ప్రాజెక్టు మౌఖిక పరీక్షలకు, బయటి ఎగ్జామినర్‌గా వెళ్లినప్పుడల్లా ఈ ప్రాజెక్టు ఏదో ఒక బ్యాచ్ దగ్గర కనిపిస్తూనే ఉంటుంది. దాదాపు అందరూ వాడేది ప్లాంట్‌విలేజ్ అనే డేటాసెట్, అంటే యాప్ వెనకున్న ప్రోగ్రామ్‌కు (మోడల్‌కు) తెగుళ్లు నేర్పడానికి వాడే ఫొటోల సేకరణ. అందులో 54,306 ఫొటోలున్నాయి, 14 రకాల పంటలున్నాయి. ఆపిల్, ద్రాక్ష, టమాటా, బంగాళదుంప, మొక్కజొన్న, స్ట్రాబెర్రీ, ఇలా. వరి లేదు, కొబ్బరీ లేదు.

రాజోలు నుంచి, పాలకొల్లు నుంచి వచ్చిన పిల్లలు ఆపిల్ ఆకు మీది మచ్చలను గుర్తుపట్టే మోడల్ తయారుచేసి, 98 శాతం, 99 శాతం కచ్చితంగా చెబుతోందని స్లైడు మీద పెద్ద అక్షరాలతో చూపిస్తారు. ఆ అంకెలో అబద్ధం లేదు. ఇదే డేటాసెట్ మీద 2016లో వచ్చిన పేరున్న పరిశోధనలో 99.35 శాతం వచ్చింది. అయితే ఆ పరిశోధకులే వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు ఇచ్చి చూశారు. కచ్చితత్వం దాదాపు 31 శాతానికి పడిపోయింది. ఆ సంగతి అదే పేపర్లో దాచకుండా రాశారు. ప్లాంట్‌విలేజ్ ఫొటోల్లో ఒక్కో ఆకును విడిగా కోసి, సాదా అట్ట లాంటి బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి తీశారు. చేలో అలా ఉండదు. ఆకు మీద ఆకు, సగం ఎండ, సగం నీడ, మీద మంచు, వెనక మట్టి.

మొదటి అంకె పిల్లలందరికీ నోటికి వచ్చు. ఆ 31 గురించి అడిగితే మాత్రం మొహమొహాలు చూసుకుంటారు. అందులో వాళ్ల తప్పు నాకు కనిపించదు. ఆ పేపరు వాళ్ల పక్కన కూర్చుని చదివించాల్సింది గైడ్. ఆ పని చేసే తీరిక గైడ్‌కు ఉందా, చేస్తే ఎవరైనా లెక్కలోకి తీసుకుంటారా అన్నది అసలు ప్రశ్న.

ఎందుకంటే ఏడాది చివర విభాగం వేసే ఘనతల జాబితాలో ఈ ఒక్క ప్రాజెక్టే రెండు మూడు చోట్ల ఎక్కవచ్చు. ప్రాజెక్ట్ ఎక్స్‌పోలో బహుమతి వస్తే పిల్లల కాలమ్‌లో, జర్నల్లో పేపరు వస్తే మాస్టారి కాలమ్‌లో, దాని మీదే పేటెంటుకు దరఖాస్తు పెడితే మళ్లీ ఇంకో వరుసలో. మారుటేరులోనో అమలాపురంలోనో ఒక్క ఆకు ముందు ఆ యాప్ తెరిచి చూశారా అన్న వరుస మాత్రం ఏ కాలమ్‌లోనూ ఉండదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. పిల్లల ఘనత, అధ్యాపకుల ఘనత అని రెండు విడి జాబితాలు వేసినంతకాలం, ఆ ఇద్దరూ కలిసి ల్యాబ్‌లో చేసే పని ఎవరి ఖాతాలోనూ పడదు. ఖాతాలో పడని పని మెల్లగా ఆగిపోతుంది. మన కాలేజీల్లో అదే జరుగుతోంది.

ముందు మాస్టార్ల జాబితా సంగతి చూద్దాం. అందులో ఈమధ్య బాగా కనిపిస్తున్న మాట ‘పేటెంట్ పబ్లిష్డ్’. తల్లిదండ్రులు దాన్ని చదివి పేటెంటు వచ్చేసిందనుకుంటారు. మన చట్టం ప్రకారం పేటెంటు దరఖాస్తు పెట్టాక మామూలుగా 18 నెలలకు అది అధికారిక జర్నల్లో అచ్చవుతుంది. ముందే కావాలని ఫారం 9 పెట్టుకుంటే ఇంకా తొందరగా వస్తుంది. అప్పటికి దాన్ని ఎవరూ పరీక్షించి ఉండరు. పరీక్ష కోసం వేరే ఫారం పెట్టాలి, ఫీజు కట్టాలి, ఎగ్జామినర్ అడిగే అభ్యంతరాలకు జవాబు చెప్పాలి, ఆ తర్వాతే పేటెంటు ఇస్తారో లేదో తేలేది. పైగా కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను ప్రోగ్రామ్‌గా మాత్రమే చూపిస్తే పేటెంటు రాదని చట్టంలోని సెక్షన్ 3(కె) చెబుతోంది. సీఎస్‌ఈ వాళ్లకు ఇది ముఖ్యమైన అడ్డంకి, దాన్ని దాటడానికి నిజంగా కష్టపడాలి.

డిజైన్ రిజిస్ట్రేషన్ ఇంకో సంగతి. 2000 నాటి డిజైన్ల చట్టం కాపాడేది వస్తువు ఆకారాన్ని, పైకి కనిపించే రూపాన్ని. ‘ఏఐతో నడిచే పంట పరికరం’ అని డిజైన్ కింద రిజిస్టర్ చేస్తే రక్షణ దొరికేది ఆ డబ్బా రూపానికే, లోపలి ఏఐకి కాదు. ఇవన్నీ ఒకే వరుసలో ‘పేటెంట్లు’ అని రాస్తే, ఏళ్ల తరబడి ఎగ్జామినర్‌తో వాదించి నిజమైన పేటెంటు తెచ్చుకున్న అధ్యాపకుడికి అన్యాయం జరుగుతుంది. నాకు బాధ కలిగేది అక్కడే.

పేపర్ల విషయంలోనూ ఇంతే. 2018 మేలో ఉన్నత విద్యను చూసే యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నళ్లను ఒక్కసారిగా తీసేసింది. ఆ స్థానంలో వచ్చిన యూజీసీ కేర్ జాబితాను కూడా 2025లో ఆపేసింది. ఏ జర్నల్ మంచిదో తేల్చుకునే బాధ్యత ఇప్పుడు కాలేజీలదే. జర్నల్ పేరు, ఏడాది, పేపర్ల సంఖ్య రాసి వదిలేస్తే ఆ బాధ్యత తీరదు.

మన డెల్టాలోనే దీనికి ఒక కొలమానం కళ్ల ముందుంది. మారుటేరు వరి పరిశోధనా కేంద్రం 1925 నుంచి పనిచేస్తోంది. అక్కడి నుంచి 1982లో విడుదలైన ఎంటీయూ 7029 అనే వరి రకాన్ని స్వర్ణ అంటే తెలియని రైతు ఉండడు. రెండు రకాలను సంకరం చేసిన రోజున అక్కడ ఎవరూ కొత్త రకం వచ్చిందని ప్రకటించరు. కేంద్రంలో పండించి చూస్తారు, వేరే వేరే చోట్ల పండించి చూస్తారు, మినికిట్ల (చిన్న విత్తన పొట్లాల) పేరుతో రైతుల చేలల్లో వేయించి వాళ్లేమంటున్నారో వింటారు. ఆ తర్వాతే విడుదల. పేటెంటు దరఖాస్తును ఘనతగా రాయడం సంకరం రోజునే విడుదల చేసినట్టు. రైతు మినికిట్ దగ్గర అడిగే ప్రశ్నలే మన విభాగాలనూ అడగాలి: ఎక్కడ వేశారు, ఎంతమంది చూశారు, ఏమైంది?

పిల్లల జాబితాలో మంచీ చెడూ కలిసిపోయి ఉన్నాయి. అందులో నిజంగా కష్టపడి సంపాదించినవి చాలానే ఉన్నాయి, వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సే తీసుకోండి. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠం, 12 వారాల పాటు వారం వారం అసైన్‌మెంట్లు, చివర కేంద్రానికి వెళ్లి పర్యవేక్షణలో రాసే పరీక్ష. మార్కుల్లో 25 అసైన్‌మెంట్లకు, 75 ఆ పరీక్షకు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్ల అల్గోరిథమ్స్ కోర్సులో 75 దాటి సిల్వర్ సర్టిఫికెట్ తెచ్చుకుందంటే వీడియోలు ఎన్నిసార్లు ఆపి ఆపి వినుంటుందో ఆలోచించండి. అదే జాబితాలో, అదే సైజు అక్షరాలతో, గంటసేపు ఆన్‌లైన్ వెబినార్‌లో ఉండి ఫీడ్‌బ్యాక్ ఫారం నింపితే వచ్చిన సర్టిఫికెట్ కూడా ఉంటుంది. ‘ఈ ఏడాది ఇన్ని సర్టిఫికెట్లు’ అని రెండూ కలిపి కూడేస్తారు. ఆ కూడికలో ఆ పిల్ల కష్టం కనబడకుండా పోతుంది.

కేంద్ర ప్రభుత్వం కాలేజీ పిల్లలకు పెట్టే పోటీ స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ 2017లో మొదలైంది. ఆరుగురి జట్టు, అందులో కనీసం ఒక అమ్మాయి ఉండాలి, సాఫ్ట్‌వేర్ విభాగంలో 36 గంటలు ఏకబిగిన పని. ఫైనల్ దాకా వెళ్లడమే గొప్ప. తిరిగొచ్చాక ఫ్లెక్సీ వేస్తారు, బాగానే ఉంటుంది. ఆ కోడ్ ఎక్కడుందని మర్నాటి ఏడాది జూనియర్లను అడిగితే ఎవరికీ తెలియదు. సీనియర్ ల్యాప్‌టాప్‌లో ఉంటుంది, ఆ సీనియర్ బెంగళూరులో ఉంటాడు. కోడ్‌ను విభాగం పేరుతో గిట్‌హబ్‌లో (కోడ్ దాచి పంచుకునే వెబ్‌సైట్‌లో) పెట్టి, ఎలా నడపాలో ఒక పేజీ రాసి, జూనియర్ల చేత దాన్ని ముందుకు తీసుకెళ్లిస్తే ఆ 36 గంటలు నాలుగేళ్లు పనికొస్తాయి. దీనికి పెద్ద ఖర్చు లేదు. వెంటపడి చేయించే ఒక మాస్టారు కావాలి, అంతే.

ప్లేస్‌మెంట్ల గురించి ఒక్క మాట చాలు. వచ్చిన ఆఫర్ల సంఖ్య వేరు, ఉద్యోగంలో చేరిన పిల్లల సంఖ్య వేరు. ఒకే అమ్మాయికి మూడు ఆఫర్లు వస్తే అది మూడు కాదు. రెండో సంఖ్య ప్రకటించే కాలేజీని తల్లిదండ్రులు నమ్మవచ్చు.

ఇదంతా అధ్యాపకుల చిత్తశుద్ధి లేక జరుగుతోందని నేననుకోవడం లేదు. వాళ్ల రోజు ఎలా గడుస్తుందో తెలిసినవాడిని. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ లెక్క ప్రకారం 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. కాగితం మీద లెక్క సరిపోతుంది. సీఎస్‌ఈ, దాని పక్కన ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అంటూ సెక్షన్లు పెరిగాయి. 2024-25 నుంచి బాగా నడిచే సంస్థలకు బ్రాంచిలో సీట్ల గరిష్ఠ పరిమితిని కూడా ఎత్తేశారు. పాఠాలు, ల్యాబ్ రికార్డులు, కాలేజీ నాణ్యతను లెక్కగట్టే న్యాక్ ఫైళ్లు, కోర్సులకు గుర్తింపిచ్చే ఎన్‌బీఏ కోసం ప్రతి సబ్జెక్టుకూ పిల్లలు ఏం నేర్చుకున్నారో చూపే కోర్స్ అవుట్‌కమ్ లెక్కలు. కొన్ని ప్రైవేటు కాలేజీల్లో వేసవి వచ్చిందంటే అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగాలి, ఇన్ని సీట్లు తేవాలని టార్గెట్ కూడా ఉంటుంది. ఇవన్నీ అయ్యాక సాయంత్రం ల్యాబ్‌లో ఒక బ్యాచ్‌తో రెండు గంటలు కూర్చుని, వాళ్ల కోడ్‌లో తప్పు ఎక్కడుందో వాళ్లచేతే పట్టించే మాస్టారు ఇప్పటికీ ప్రతి కాలేజీలో ఒకరిద్దరు ఉన్నారు. ఏడాది చివర అప్రైజల్ ఫారంలో వాళ్లు రాసుకోవడానికి ఏమీ ఉండదు. పేపర్ల గడి ఖాళీ, పేటెంట్ల గడి ఖాళీ. ఆ రెండు గంటలకు గడే లేదు. మరుసటి ఏడాది వాళ్లు కూడా తెలివైన పనే చేస్తారు, పేపరు రాసుకుంటారు. వాళ్లను తప్పు పట్టలేం. హైదరాబాద్ అమీర్‌పేట నుంచి కొనుక్కొచ్చిన ప్రాజెక్టు వైవా దాకా రావడానికి దారి తెరుచుకునేది అక్కడే. పక్కన కూర్చున్న మనిషి లేనప్పుడు పిల్లలు కొనుక్కుంటారు.

ఇద్దరూ కలిసి చేసే పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూద్దాం. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువున్న ఇంటి పిల్లలు సీఎస్‌ఈలో చాలామంది ఉన్నారు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుందని వాళ్లకు క్లాసులో చెప్పక్కర్లేదు, ఆ వేళకి నాన్న లేచి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు చూసుకోవడం చిన్నప్పటి నుంచి చూసిందే. లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి వస్తే టెన్షన్ మొదలు. సెన్సార్ పెట్టి, ఫోనుకు మెసేజ్ పంపే ప్రాజెక్టును పిల్లలు వారంలో చేసేస్తారు, ఎక్స్‌పోలో గ్లాసు నీళ్లలో ముంచి చూపిస్తారు, ప్రైజు కూడా వస్తుంది.

అదే సెన్సార్‌ను చెరువులో పెట్టాక అసలు చదువు మొదలవుతుంది. కొద్ది రోజులకే దాని మీద పాచి పట్టి రీడింగ్ తప్పుగా చూపిస్తుంది. మంచినీటికి కాలిబ్రేట్ చేసిన (సరిచూసి పెట్టిన) సెన్సార్ ఉప్పునీటిలో తేడాగా చెబుతుంది, ఎందుకంటే ఉప్పు పెరిగేకొద్దీ, వేడి పెరిగేకొద్దీ నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. ప్రోగ్రామ్‌లో ఆ దిద్దుబాటు రాయాలి. అర్ధరాత్రి కరెంటు పోతే రీడింగులు ఆగిపోతాయి, వాటిని ఎక్కడ దాచాలో, సిగ్నల్ వచ్చాక ఎలా పంపాలో ఆలోచించాలి. రెండుసార్లు తప్పుడు అలారం మోగితే రైతు మూడోసారి ఫోను చూడడు కాబట్టి అలారం ఎప్పుడు మోగాలన్నది కూడా లెక్కతో తేల్చాలి. ఇందులో నెట్‌వర్క్స్ ఉంది, డేటాబేస్ ఉంది, స్టాటిస్టిక్స్ ఉంది. ఒక సీజన్ రీడింగులు చేతికొస్తే మాస్టారికి నిజమైన పేపరు రాయడానికి సరుకుంది. ఉప్పునీటి చెరువుల రీడింగులు తెచ్చుకోవడానికి మనకున్న వీలు ఎన్నో పెద్ద సంస్థలకు లేదు. పిల్లలకు ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సొంత అనుభవం ఉంది. రెండు జాబితాలూ ఒకే పని నుంచి నిండుతాయి, ఈసారి నిజంగా.

ఆకు తెగుళ్ల ప్రాజెక్టుకూ ఇదే వర్తిస్తుంది. అగ్గితెగులు, ఆకుఎండు తెగులు, పాముపొడ తెగులు మన చేలల్లో ఉన్నాయి, గుర్తుపట్టి చెప్పే శాస్త్రవేత్తలు మారుటేరులో ఉన్నారు. కొబ్బరిని కొన్నేళ్లుగా సర్పిలాకార తెల్లదోమ పట్టి పీడిస్తోంది, దాని మీద పనిచేస్తున్న ఉద్యాన పరిశోధనా కేంద్రం అంబాజీపేటలో ఉంది. ఒక బ్యాచ్ రెండు నెలలు తిరిగి, శాస్త్రవేత్త చూసి పేరు రాసిన వెయ్యి ఫొటోలు తెస్తే, తర్వాతి బ్యాచ్ ఇంకో వెయ్యి కలిపితే, నాలుగేళ్లకు మన పంటలకు మన డేటాసెట్ ఉంటుంది. మోడల్ కచ్చితత్వం 70 శాతమే వచ్చినా నేను దానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

ప్రిన్సిపాళ్లతో ఈ మాట అంటే ఒక జవాబు వస్తుంది. న్యాక్ వాళ్లు, కాలేజీలకు ర్యాంకులిచ్చే ఎన్ఐఆర్ఎఫ్ వాళ్లు అంకెలే అడుగుతారు, మేమేం చేయం అని. అందులో నిజముంది. ఎన్ఐఆర్ఎఫ్ ఇంజినీరింగ్ ర్యాంకుల్లో పరిశోధనకు, వృత్తిపరమైన పనికి కలిపి 30 శాతం వెయిటేజి ఉంది, ప్రచురణల లెక్క అందులో భాగం. కానీ బయటివాళ్లకు ఇచ్చే ఫారం ఒకటైతే, తమ పిల్లలకు, తల్లిదండ్రులకు చూపించే జాబితా ఇంకోటి. రెండోది ఎలా వేయాలో ఎవరూ శాసించలేదు. ప్రతి ఘనత పక్కన రెండు వివరాలు రాయవచ్చు: ఇందులో ఏ విద్యార్థి, ఏ అధ్యాపకుడు ఏం చేశారు, ఇప్పుడది ఎక్కడ నడుస్తోంది. పేటెంటయితే దరఖాస్తు దశా, పరీక్ష దశా, మంజూరయిందా అన్నది. జాబితా పొట్టిదవుతుంది. మొదటి ఏడాది పక్క కాలేజీ ఫ్లెక్సీ ముందు చిన్నగా కనిపిస్తుందని యాజమాన్యాలకు భయం ఉంటుంది. ఆ ఒక్క ఏడాదిని భరించే ధైర్యం యాజమాన్యాలే చూపించాలి, దాన్ని మాస్టార్ల నెత్తిన వేయకూడదు.

అప్రైజల్ ఫారంలో ల్యాబ్ గంటలకు ఒక గడి పెట్టడానికి యూనివర్సిటీ అనుమతి అక్కర్లేదు, గవర్నింగ్ బాడీ తీర్మానం చాలు. పిల్లల వైపు నుంచి అయితే జీరో రివ్యూలోనే మొదలుపెట్టవచ్చు. టైటిల్ ఖాయం చేసే రోజున గైడ్, బ్యాచ్ కలిసి నిలబడి డేటా ఎక్కడి నుంచి తెస్తారో, ఎవరి చేలో లేదా ఎవరి చెరువులో పరీక్షిస్తారో ఊరి పేరుతో సహా చెప్పాలి. చెప్పలేని టైటిల్‌ను ఆ రోజే వెనక్కి పంపాలి.