కలెక్టర్ కుర్చీ వదిలి తిరువళ్లూరుకు: శశికాంత్ సెంథిల్ చెప్పిన కారణం నిలబడిందా?

2024 లోక్‌సభ ఎన్నికల్లో తమిళనాడు మొత్తమ్మీద అత్యధిక మెజారిటీ వచ్చింది తిరువళ్లూరులోనే. కాంగ్రెస్ అభ్యర్థి శశికాంత్ సెంథిల్ 5.72 లక్షల ఓట్ల తేడాతో గెలిచారు. చెన్నై శివార్లలోని మాధవరం, ఆవడి, పూందమల్లి ఈ నియోజకవర్గంలోవే. ఉత్తరాన పొన్నేరి, గుమ్మిడిపూండి కూడా ఇందులోకే వస్తాయి. ఆ తర్వాత సరిహద్దు దాటితే తడ, సత్యవేడు. ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే కుటుంబాలు ఈ వైపు చాలా ఉన్నాయి. అందుకే మన ఎంపీ ఎక్కడి నుంచి వచ్చారు, ఎందుకొచ్చారు అన్నది ఇక్కడి తెలుగువాళ్లం పట్టించుకోవాల్సిన విషయం.

సెంథిల్ తమిళనాడు మనిషి. 2009 బ్యాచ్ ఐఏఎస్, కర్ణాటక కేడర్. బళ్లారి, శివమొగ్గ, చిత్రదుర్గ, రాయచూరుల్లో పనిచేసి 2017లో దక్షిణ కన్నడ జిల్లాకు డిప్యూటీ కమిషనర్‌గా వెళ్లారు. అంటే మన లెక్కలో కలెక్టర్. మతపరమైన ఉద్రిక్తతలకు పేరుపడ్డ మంగళూరు ఆ జిల్లాలోనే ఉంది. 2019 ఆగస్టులో జమ్మూకశ్మీర్‌కు ఉన్న 370 అధికరణ ప్రత్యేక హోదా పోయింది. నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 6న, ఆయన రాజీనామా చేశారు. వైవిధ్యంతో కూడిన మన ప్రజాస్వామ్యపు పునాదులే దెబ్బతింటున్నప్పుడు ప్రభుత్వ అధికారిగా కొనసాగడం నైతికం కాదన్నది ఆయన చెప్పిన కారణం. జిల్లాలో తనకు ఎవరితోనూ పేచీ లేదని కూడా స్పష్టం చేశారు.

ఆయన అసెంబ్లీ బదులు పార్లమెంటును ఎంచుకోవడం ఈ కారణం వల్లే అర్థవంతంగా కనిపిస్తుంది. ఒక మంత్రితో గొడవపడో, బదిలీ నచ్చకో బయటికొచ్చిన అధికారి అయితే రాష్ట్ర రాజకీయాల్లో తేల్చుకోవచ్చు. రాజ్యాంగం గురించి బెంగపడి వచ్చానన్న మనిషి వెళ్లాల్సింది ఢిల్లీకే.

అయినా మాటను బట్టి మనిషిని నమ్మేయలేం. ఉద్యోగానికీ పార్టీ టికెట్‌కూ మధ్య ఎంత కాలం గడిచింది, అధికారం చలాయించిన చోటే ఓట్లు అడిగారా అన్నవి నేను ముందుగా చూస్తాను. సెంథిల్ 2020 నవంబర్‌లో కాంగ్రెస్‌లో చేరారు. అంటే రాజీనామాకు, పార్టీకి మధ్య పద్నాలుగు నెలలు. పోటీ చేసింది నాలుగున్నరేళ్ల తర్వాత, అదీ తాను ఎన్నడూ అధికారిగా పనిచేయని రాష్ట్రంలో. దీని పక్కన తమిళిసై సౌందరరాజన్ ఉదాహరణ పెట్టి చూడండి. 2024 మార్చి 18న తెలంగాణ గవర్నర్ పదవికి రాజీనామా చేశారు. 21న దక్షిణ చెన్నై బీజేపీ అభ్యర్థి అయ్యారు. రాజ్‌భవన్‌కు, ఎన్నికల ప్రచారానికి మధ్య వారం కూడా లేకపోతే, గవర్నర్‌గా ఆమె తీసుకున్న ప్రతి నిర్ణయాన్నీ జనం వెనక్కి తిరిగి అనుమానంగా చూస్తారు. అది ఆమెకూ మంచిది కాదు, ఆ పదవికీ మంచిది కాదు.

సెంథిల్ విషయంలోనూ నాకు ఇబ్బందిగా అనిపించేది ఒకటుంది. 2023 కర్ణాటక ఎన్నికల్లో కాంగ్రెస్ వార్ రూమ్‌ను, అంటే ఎన్నికల వ్యూహ కేంద్రాన్ని, నడిపింది ఆయనే. పార్టీ 135 సీట్లు గెలిచింది. పదేళ్లు అధికారిగా ఉన్న రాష్ట్రంలో అక్కడి పాలక పార్టీని ఓడించే వ్యూహం రచించడం తప్పని చట్టం అనదు. కానీ తటస్థంగా పనిచేశానని చెప్పే మనిషి అక్కడ మరికొంత దూరం పాటించి ఉంటే బాగుండేది. తిరువళ్లూరు మెజారిటీని కూడా ఆయన గత సేవకు జనం వేసిన మార్కులుగా చూడలేం. 2019లో ఇదే సీటును డీఎంకే, కాంగ్రెస్‌ల ఇదే కూటమి 3.5 లక్షలకు పైగా తేడాతో గెలుచుకుంది.

అసలు లోపం నిబంధనల్లో ఉంది. పదవీ విరమణ చేసిన ఐఏఎస్ ప్రైవేటు కంపెనీలో చేరాలంటే మొదటి ఏడాది ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఎన్నికల్లో నిలబడటానికి మాత్రం ఏ గడువూ లేదు. గడువు పెట్టాలన్న పిటిషన్ 2022లో సుప్రీంకోర్టుకు వెళ్తే, అది చట్టసభలు తేల్చుకోవాల్సిన విషయమని కోర్టు అంది. కంపెనీ ఉద్యోగానికి ఉన్నపాటి ఏడాది విరామమైనా ఎన్నికలకు ఉండాలి.

మనకు ఇలాంటివాళ్లు కొత్త కాదు. తెలుగువారైన వెలగపల్లి వరప్రసాదరావు తమిళనాడు కేడర్‌లో ఐఏఎస్‌గా చేసి, పక్కనే ఉన్న తిరుపతిలో 2009లో ప్రజారాజ్యం తరఫున ఓడారు, 2014లో వైఎస్సార్‌సీపీ తరఫున గెలిచారు, 2024లో బీజేపీ తరఫున మళ్లీ ఓడారు. పార్టీలు అన్ని మారాక, ఉద్యోగం ఎందుకు వదిలారన్న ప్రశ్నే ఎవరికీ గుర్తుండదు. సెంథిల్ ఇప్పటిదాకా ఆ దారి పట్టలేదు. బడి చదువులకు కేంద్రం నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద తమిళనాడుకు రావాల్సిన 2,152 కోట్ల రూపాయలను కేంద్రం ఆపేసిందని 2025 ఆగస్టు చివర్లో నిరాహార దీక్షకు దిగారు, ఆరోగ్యం చెడి ఆసుపత్రి పాలయ్యారు. ఆ దీక్షను నేను గౌరవిస్తాను. బడి పిల్లల డబ్బు కోసం ఎంపీ పస్తుండటం రోజూ చూసేది కాదు.

ఇప్పుడు ఆయన్ని అడగాల్సింది వైవిధ్యం గురించే, ఎందుకంటే ఉద్యోగం వదిలింది ఆ మాట మీదే. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మీద నాకే అభ్యంతరమూ లేదు, ఈ గాలి పీల్చేవాళ్లకు అది అవసరం. అయితే పదో తరగతి పరీక్ష వచ్చినప్పుడల్లా మినహాయింపు కోసం తెలుగు, ఉర్దూ, కన్నడ పిల్లల తరఫున కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఆ చట్టం రాష్ట్రానిది, ఎంపీ మార్చలేరు. కానీ అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయాలు కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణ చెబుతోంది. భాషా అల్పసంఖ్యాకుల రక్షణలను పరిశీలించే ప్రత్యేక అధికారి నివేదికలను పార్లమెంటు ముందు పెట్టాలని 350బీ చెబుతోంది. ఆ నివేదికల మీద లోక్‌సభలో చర్చ అడగడం, గుమ్మిడిపూండి ప్రాంతపు తెలుగు బడుల్లో టీచర్ పోస్టులు ఎన్ని ఉన్నాయో, అందులో ఎన్ని భర్తీ అయ్యాయో లెక్క తీయించడం పూర్తిగా ఆయన చేతిలో పని. తెలుగు సంఘాలు ఈ రెండు కోరికలనూ కాగితం మీద రాసి ఆయన కార్యాలయంలో ఇవ్వాలి, జవాబు కూడా కాగితం మీదే అడగాలి.