గోడ మీద తయారయ్యే సరుకు: స్ప్రే ఫోమ్ ప్రచారానికి ఖండన

ఇల్లు కడుతున్నవారికీ, పాత ఇంటిని బాగుచేయించుకుంటున్నవారికీ ఒక సందేశం ఫోన్లలో చేరుతూనే ఉంది. దాని సారాంశం ఇది: గోడలకూ పైకప్పుకూ స్ప్రే ఫోమ్ (చల్లితే పొంగి గట్టిపడి, వేడిని ఆపే నురుగు) కొట్టించండి. దాని అంగుళం మందం మూడంగుళాల గ్లాస్ వూల్‌తో (వేడిని ఆపే గాజు పోగుల దుప్పటితో) సమానం. ఆ ఒక్క అంగుళంతోనే 90 శాతం వేడి ఆగిపోతుంది. మొక్కల నూనెతో చేసినది కాబట్టి హాని లేదు. నిప్పంటుకోదు, నీరు దిగదు, చెద పట్టదు, చప్పుడు వినిపించదు. గాలి చొరబడే సందు కూడా మిగలదు. ఒకసారి కొట్టిస్తే ఇల్లున్నంత కాలం దాని సంగతే మరిచిపోవచ్చు.

ఇవన్నీ పచ్చి అబద్ధాలైతే పట్టించుకోనక్కర లేకపోయేది. చిక్కేమిటంటే, ప్రతి మాటలోనూ పావు వంతు నిజానికి ముప్పావు వంతు అమ్మకం కలిసి ఉంది. ఫోమ్ మంచి సరుకే. వంకర మూలల్లో, సన్నని సందుల్లో, పలకలూ దుప్పట్లూ పట్టని చోట్ల దానికి సాటి వచ్చేవి తక్కువ. కానీ ఆ సందేశం రాసినవారు దాచిన సంగతి ఒకటుంది. ఫోమ్ మీ ఇంటికి తయారై రాదు. రెండు డ్రమ్ముల్లో రెండు ద్రవాలుగా వస్తుంది. ఒకదానిలో ఐసోసైనేట్ ఉంటుంది. రెండోదానిలో పాలియోల్, ఉత్ప్రేరకాలు, నురుగును పొంగించే పదార్థం, మంటను మందగింపజేసే రసాయనాలు ఉంటాయి. రెండూ వేడి గొట్టాల గుండా వచ్చి స్ప్రే గన్ మూతి దగ్గర సమపాళ్లలో కలిసి, కొన్ని సెకన్లలో పొంగి గట్టిపడతాయి. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టిన పాలీయూరిథేన్ రసాయనమే ఇది. అంటే తయారీలో ఆఖరి మెట్టు కర్మాగారంలో కాదు, మీ గోడ మీద జరుగుతోంది. కరపత్రంలో రాసిన గుణాలు ఆ పూట పాళ్లు కుదిరితేనే వస్తాయి. ఇది గుర్తుపెట్టుకుని ఒక్కో మాటా చూద్దాం.

‘అంగుళం మందం మూడంగుళాల గ్లాస్ వూల్‌తో సమానం’

ఏ ఫోమ్? ఉన్నవి రెండు రకాలు. క్లోజ్డ్ సెల్ రకంలో బుడగలు మూసుకుని ఉంటాయి. ఘనపు మీటరు 30 కిలోలకు కాస్త అటూఇటూ తూగుతుంది, గట్టిగా ఉంటుంది. ఓపెన్ సెల్ రకంలో బుడగలు తెరుచుకుని ఉంటాయి. ఘనపు మీటరు 8 కిలోల దగ్గర, వేలితో నొక్కితే దిగబడేంత మెత్తగా ఉంటుంది. క్లోజ్డ్ సెల్ ఉష్ణవాహకత సుమారు 0.025, ఓపెన్ సెల్‌ది 0.038 దరిదాపుల్లో. గ్లాస్ వూల్ రకాన్ని బట్టి 0.032 నుంచి 0.044 వరకు. ఈ అంకె ఎంత తక్కువైతే సరుకు వేడిని అంత బాగా ఆపుతుంది.

లెక్క మీరే వేసుకోవచ్చు. 100 మిల్లీమీటర్ల మామూలు గ్లాస్ వూల్ చేసే పనికి క్లోజ్డ్ సెల్ 65 మిల్లీమీటర్లు కావాలి. ఓపెన్ సెల్ అయితే దాదాపు 100 మిల్లీమీటర్లూ కావాలి. అంటే ఒకటికి మూడు కాదు. మేలైన రకంలో ఒకటికి ఒకటిన్నర, రెండో రకంలో ఒకటికి ఒకటి. పైగా క్లోజ్డ్ సెల్ బుడగల్లోని వాయువు కాలక్రమంలో మెల్లగా బయటికి పోయి గాలి లోపలికి చేరుతుంది, అంకె కొంత దిగజారుతుంది. అందుకే తాజాగా కొట్టిన రోజు విలువ కాకుండా వయసు మళ్లాక ఉండే విలువ అడగాలి. ఇలాంటి గొప్పలు కొత్తవేమీ కావు. ఉష్ణనిరోధకాలు అమ్మేవారు పరీక్షలో తేలిన విలువనే చెప్పాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1979లోనే నియమం తెచ్చింది.

మరి ఒకటికి మూడు అనే మాట ఎక్కడ పుట్టింది? నిర్లక్ష్యంగా, సందులు వదిలి పరిచిన గ్లాస్ వూల్‌ను, జాగ్రత్తగా కొట్టిన ఫోమ్‌తో పోల్చడంలో పుట్టింది. ఫోమ్ గాలి చొరబాటును ఆపుతుంది, గ్లాస్ వూల్ తనంతట తాను ఆపలేదు. ఆ తేడా నిజమే. అయితే సందులను టేపుతోనో సీలెంట్‌తోనో మూసి, గాలి చొరని పొర వేసి, ఆపైన గ్లాస్ వూల్ పరిస్తే ఆ తేడా దాదాపు పోతుంది. సరుకుకూ సరుకుకూ పోటీ పెట్టామని చెప్పి పనితనానికీ పనితనానికీ పోటీ పెట్టారు.

‘అంగుళంతో 90 శాతం వేడి ఆగుతుంది’

తొమ్మిదంగుళాల ఇటుక గోడ, దాని రెండు వైపులా ఉండే పలుచని గాలి పొరలతో కలిపి, వేడికి ఇచ్చే నిరోధం సుమారు 0.5 అనుకోండి. మీటర్లలో మందాన్ని ఉష్ణవాహకతతో భాగిస్తే నిరోధం వస్తుంది, కాబట్టి 25 మిల్లీమీటర్ల క్లోజ్డ్ సెల్ మరో 1 కలుపుతుంది. మొత్తం 1.5. కాబట్టి గోడ గుండా వచ్చే వేడి మూడో వంతుకు తగ్గింది, అంటే సుమారు 67 శాతం ఆగింది. 50 మిల్లీమీటర్లకు 80 శాతం, 100 మిల్లీమీటర్లకు 89 శాతం. నాలుగంగుళాలు కొట్టినా 90 పూర్తి కాలేదు.

మందం పెరిగేకొద్దీ అదనపు లాభం తగ్గుతుందన్నది నిజమే. అది ఫోమ్ సొత్తు మాత్రం కాదు, గడ్డి పరిచినా అదే సూత్రం. ఈ లెక్క కూడా గోడ నిండా ఎడతెగకుండా పొర ఉంటేనే నిలుస్తుంది. గోడ చట్రంలోని చెక్క నిలువుల మధ్య ఫోమ్ నింపితే వేడి ఆ నిలువుల గుండా దారి చేసుకుంటుంది, ఎందుకంటే చెక్క ఉష్ణవాహకత ఫోమ్ కంటే నాలుగైదు రెట్లు. ఉక్కు నిలువులైతే చెప్పనక్కర లేదు. కిటికీ అద్దంలోంచి దూరే ఎండకు గోడలోని ఫోమ్ చేయగలిగింది సున్నా. ఏసీ లేకుండా పగలూ రాత్రీ కిటికీలు తెరిచి ఉంచే ఇంట్లో బయటి వేడిగాలి ఎలాగూ లోపలే ఉంటుంది. అక్కడ మేలు చేసేది ఎక్కువగా పైకప్పు మీది పొర, దాని మీద ఎండను తిప్పికొట్టే తెల్లని పూత. ఆ పని ఫోమ్‌తోనే చేయాలని లేదు. పైకప్పు మీద ఫోమ్ కొడితే దానికి పూత తప్పనిసరి, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అది పసుపెక్కి పొడిలా రాలిపోతుంది.

‘మొక్కల నూనెతో చేసినది, హాని లేదు’

ఈ సందేశంలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. ఆముదంతో, సోయా నూనెతో చేసిన పాలియోల్‌లు ఉన్న మాట నిజం. అవి రెండో డ్రమ్ములో, అందులోనూ సాధారణంగా కొంత భాగం మాత్రమే. మొదటి డ్రమ్ములోని ఐసోసైనేట్‌కు మొక్కలతో సంబంధం లేదు. అది లేకుండా ఈ ఫోమ్ పుట్టదు. పని వల్ల వచ్చే ఆస్తమాకు ప్రధాన కారణాల్లో ఐసోసైనేట్‌లు ఒకటి. ఒకసారి వాటికి శరీరం అలర్జీ పెంచుకుంటే, ఆ తర్వాత అతి కొద్ది మోతాదుకూ ఊపిరి అందని పరిస్థితి రావచ్చు. యూరోపియన్ యూనియన్‌లో 2023 ఆగస్టు 24 నుంచి, శిక్షణ పొందినట్టు ఆధారం లేనివారు వృత్తిపరంగా ఈ పదార్థాలను వాడటానికి వీల్లేదు. హాని లేని సరుకుకు ఎవరూ ఇంత హంగామా చేయరు.

కొట్టేవారు గాలి సరఫరా ఉండే ముసుగు, ఒళ్లంతా కప్పే దుస్తులు వేసుకుంటారు. పక్క గదిలో మామూలు బట్టలతో టైల్స్ వేస్తున్న మనిషికి ఆ రక్షణ ఏదీ ఉండదు. కొడుతున్నప్పుడూ, ఆ తర్వాత తయారీదారు చెప్పినంత సేపూ ఇంట్లో మరెవరూ ఉండకూడదు. ఆ గడువు తరచు 24 గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. ఇంటివారిని లోపల ఉంచి ఒక గదిలో పని కానిచ్చేస్తామనే గుత్తేదారును గుమ్మం దాటనివ్వకండి.

దీనికి విరుగుడుగా తిరిగే భయాలకూ హద్దు ఉండాలి. పాళ్లు కుదిరి పూర్తిగా గట్టిపడిన ఫోమ్ చాలావరకు నిశ్చలమైన పదార్థం. కెనడా 1980లో నిషేధించిన ఫోమ్ ఇదేనని కొందరు బెదిరిస్తారు. అది యూరియా ఫార్మాల్డిహైడ్ ఫోమ్, వేరే సరుకు. అసలు భయం పాళ్లు తప్పిన ఫోమ్ గురించి ఉండాలి. డ్రమ్ములు చల్లబడి ఉన్నా, ఒక గొట్టంలో ఒత్తిడి తగ్గినా, గోడ తడిగా ఉన్నా, ఒకే దెబ్బకు మరీ మందంగా కొట్టినా మిశ్రమం సరిగా పాకానికి రాదు. చేపల కంపును పోలిన వాసన నెలల తరబడి వదలదు. ఫోమ్ కుంచించుకుపోయి నిలువుల అంచుల దగ్గర పగుళ్లు విడుస్తుంది. అప్పుడు చేయగలిగిన పని గీకి తీయడమే, అది గోడకు అంటిన జిగురును గోడతో సహా ఊడదీయడం లాంటిది.

‘నిప్పంటుకోదు’

అంటుకుంటుంది. పాలీయూరిథేన్ సేంద్రియ పదార్థం, అంటే కార్బన్‌తో కూడినది. దానిలో కలిపే రసాయనాలు మంట పాకే వేగాన్ని తగ్గిస్తాయి, అంతే. మంటల్లో పడితే కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సైనైడ్ కూడా వెలువడుతుంది. అందుకే మనుషులు ఉండే గదుల వైపు ఫోమ్‌ను బయటికి కనిపించేలా వదలకూడదు. కనీసం పావుగంట వేడిని ఆపే అడ్డు, అంటే సాధారణంగా 12.5 మిల్లీమీటర్ల జిప్సమ్ బోర్డు, దాని మీద ఉండాలని అమెరికా గృహనిర్మాణ నియమావళి చెబుతుంది. కొట్టేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఈ రసాయన చర్య వేడిని పుట్టిస్తుంది. క్లోజ్డ్ సెల్‌ను ఒక విడతలో చాలామంది తయారీదారులు 50 మిల్లీమీటర్ల దగ్గరే ఆపమంటారు. తొందరపడి ఒకేసారి మందంగా కొడితే లోపల మాడిపోతుంది, నిప్పు రాజుకునే ముప్పూ ఉంది. అది చల్లారాకే రెండో విడత.

‘నీరు దిగదు, చెద పట్టదు, చప్పుడు వినిపించదు’

క్లోజ్డ్ సెల్ నీటిని పీల్చదు, ఓపెన్ సెల్ పీలుస్తుంది. కానీ ప్రశ్న ఫోమ్ తడుస్తుందా అన్నది కాదు, దాని వెనక ఏమవుతోందన్నది. పైకప్పు కారితే మామూలుగా మరక కనిపిస్తుంది. ఫోమ్ ఉంటే ఆ నీరు చెక్కకూ ఫోమ్‌కూ మధ్య నిలిచి, ఆరే దారి లేక, చెక్క కుళ్లిన తర్వాత గానీ బయటపడకపోవచ్చు. బ్రిటన్‌లో కప్పు కింది చెక్కకు నేరుగా ఫోమ్ కొట్టించిన ఇళ్లకు రుణం ఇవ్వడానికి చాలా బ్యాంకులు వెనకాడేది ఇందుకే. చెక్క ఎలా ఉందో చూసే వీలే ఉండదు. కారే కప్పును ముందు బాగుచేయించాలి, ఫోమ్ ఆ పనికి బదులు కాదు.

చెదకు ఫోమ్ ఆహారం కాదన్నది నిజం. కానీ దానిలో సొరంగాలు తవ్వుకుని, ఎవరి కంటా పడకుండా చెక్క దాకా చేరుతుంది. పునాది దగ్గర కొంత మేర తనిఖీ కోసం ఖాళీ వదలాలి. చప్పుడు సంగతి చిన్నదే. గోడ దాటే శబ్దాన్ని ముఖ్యంగా ఆపేది బరువు, ఫోమ్‌కు బరువు లేదు. గది లోపలి ప్రతిధ్వనిని ఓపెన్ సెల్ కొంత తగ్గిస్తుంది. క్లోజ్డ్ సెల్‌తో ఆ లాభమూ పెద్దగా లేదు.

‘సందు మిగలదు, ఇక మరిచిపోవచ్చు’

మొదటి సగం నిజం. రెండో సగం దాని వల్లే అబద్ధమవుతుంది. గాలి చొరబడని ఇంట్లో వంట ఆవిరి, స్నానాల తేమ, మన ఊపిరి, కొత్త ఫర్నిచర్ వాసనలు అన్నీ లోపలే ఉండిపోతాయి. కాబట్టి లెక్కప్రకారం గాలిని మార్చే ఫ్యాన్ల ఏర్పాటు ఫోమ్‌తో పాటే చేయించాలి, తర్వాత చూద్దాంలే అనుకోకూడదు. లోపలి గాలితోనే మండే గ్యాస్ గీజరు ఉంటే దాన్ని బయటికి మార్చాలి, లేదా బయటి గాలితో మండే రకం పెట్టాలి. ఇందులో అలక్ష్యం ప్రాణాల మీదికి తెస్తుంది.

తీగల విషయం సందేశాలు అసలు ఎత్తవు. ఫోమ్‌లో పూడుకుపోయిన కరెంటు తీగ వేడిని వదులుకోలేదు. కాబట్టి మామూలుగా మోసేంత కరెంటు మోయకూడదు, ఏసీలకు వెళ్లే తీగలైతే మరీనూ. ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడి, గొట్టాల్లో వేయించి, రేపు మార్చాల్సి వచ్చే చోట్లకు దారి వదిలించండి. సీలింగులో దిగబెట్టే లైట్ల పక్కన ఫోమ్ వేయాలంటే అవి ఆ పనికి అనుమతి ఉన్న రకమై ఉండాలి.

పర్యావరణానికి మేలు అనే మాట కూడా రెండో డ్రమ్ములోని పొంగించే వాయువును బట్టే ఉంటుంది. పాత హెచ్ఎఫ్‌సీ-245ఎఫ్ఎ భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు వెయ్యి రెట్లు. కొత్త హెచ్ఎఫ్ఓ వాయువులది కార్బన్ డయాక్సైడ్‌తో దాదాపు సమానం. ఏది వాడుతున్నారో డ్రమ్ము వివర పత్రంలో ఉంటుంది, అడిగి చూడండి.

ఇవన్నీ తెలిసి కూడా ఫోమే కావాలనుకుంటే, జిప్సమ్ బోర్డుతో మూసేలోపే పని చూసుకోండి. చెక్క తేమను మీటరుతో కొలిపించండి, 19 శాతం దాటితే ఆ రోజు కొట్టించకండి. పలుచోట్ల సూది గుచ్చి మందం చూడండి. చేతి వెడల్పు ముక్క కోయించి, అంతటా ఒకే రంగు, ఒకే పరిమాణం బుడగలు ఉన్నాయా, అంచుల్లో విడిపోయిందా పరిశీలించండి. వీలైతే 50 పాస్కల్‌ల ఒత్తిడితో గాలి లీకు పరీక్ష చేయించండి. తేడా వస్తే తీసి మళ్లీ కొట్టే బాధ్యత ఎవరిదో, ఎన్నేళ్ల వరకో ఒప్పందంలో ముందే రాయించండి. ఆఖరి వాయిదా డబ్బు ఈ పరీక్షలన్నీ ముగిశాకే ఇవ్వండి.