కణానికి తెలిసిన లెక్క సున్నా ఒకట్లది కాదు

జన్యువు ఆన్ అయింది, ఆఫ్ అయింది అని రాయడం మనకు అలవాటైపోయింది. కానీ చాలా జన్యువుల తీరు స్విచ్ కంటే ఫ్యాన్ రెగ్యులేటర్‌కే దగ్గర. ఎంత తిప్పితే అంత. కణంతో లెక్కలు చేయించాలనుకునేవాళ్లు ఈ తేడాను ఇంకాస్త పట్టించుకోవాలని నా అభిప్రాయం.

గుణకారమే చూడండి. ఎక్స్, వై అణువులు ఢీకొన్నప్పుడల్లా ఒక జెడ్ పుడుతుందనుకుందాం. ఎక్స్, వై మాత్రం ఖర్చు కావు. పుట్టిన జెడ్ తనంతట తాను విరిగిపోతూ ఉంటుంది. పుట్టే వేగం, పోయే వేగం సమానమైనచోట జెడ్ గాఢత నిలకడగా ఉంటుంది, అది ఎక్స్, వైల లబ్ధానికి అనుపాతం. రెండూ రెట్టింపైతే జెడ్ నాలుగింతలు. అంతే, లెక్క అయిపోయింది! ఇదే పనికి డిజిటల్ పద్ధతిలో ఎనిమిది బిట్ల (సున్నా ఒకట్ల అంకెల) సంఖ్యలకే వందల గేట్లు, అంటే చిన్న చిన్న స్విచ్‌ల అమరికలు, కావాలి. కూడిక ఇంకా తేలిక: రెండు పదార్థాలూ దేనికది విడిగా మూడోదానిగా మారితే చాలు.

ఇది కాగితం మీది ముచ్చట కాదు. 2013లో ఎంఐటీలో రాహుల్ సర్పేష్కర్, తిమోతీ లూ బృందం ఈ.కోలై బ్యాక్టీరియాలో మూడే మూడు ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లతో (జన్యువుల పనిని పెంచే, తగ్గించే ప్రొటీన్లతో) కూడిక, నిష్పత్తి, లాగరిథమ్ చేయించింది. పదివేల రెట్ల తేడా ఉన్న గాఢతలనూ ఆ జన్యు సర్క్యూట్ పట్టుకోగలిగింది.

అసలు చిక్కు కచ్చితత్వంతోనే. కణంలో ఒక ప్రొటీన్ అణువులు సగటున వంద ఉంటే, యాదృచ్ఛికంగానే పది అటూ ఇటూ అవుతాయి. అంటే పది శాతం తప్పు. దాన్ని ఒక శాతానికి దించాలంటే పదివేల అణువులు కావాలి. ఒక్క బ్యాక్టీరియాకు అది పెద్ద ఖర్చే. పైగా ఉష్ణోగ్రత కాస్త మారినా చర్యల వేగాలు మారిపోతాయి. రసాయన చర్యలతో ఏ గణననైనా చేయించవచ్చని 2017లో ఫ్రాన్స్ పరిశోధకులు నిరూపించిన మాట నిజమే. కానీ ఆ రుజువులో గాఢత ఎడతెగకుండా మారే వాస్తవ సంఖ్య. కణంలో మాత్రం అర అణువు ఉండదు కదా.

అందుకే కణం కంప్యూటర్ చిప్‌కు పోటీ అన్న ప్రచారం నాకు నచ్చదు. స్థూలంగా కొలిచి, కొలతకు తగ్గట్టు స్పందించే పని కణానికి అప్పగించవచ్చు. అవునో కాదో తేల్చి చెప్పాల్సిన చోట మాత్రం చివర్లో ఒక స్విచ్ పెట్టుకోవాలి. క్లోమంలోని బీటా కణాలు చేసేది దాదాపు ఇదే: గ్లూకోజ్ పెరిగేకొద్దీ ఇన్సులిన్ పెంచుతాయి, ఒక స్థాయి కంటే తగ్గితే దాదాపు ఆపేస్తాయి.